గుర్తు పెట్టుకోనివాళ్ళకు బ్రష్షు లేదు

సోమవారం పొద్దున పెయింటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఒకటో తరగతి పిల్లలను వీధిలోకి తీసుకెళ్ళి చెట్లు చూపించాలి. పదింటికి వెనక్కి తెచ్చి, చూసిన చెట్టును కాగితం మీద గీయించాలి. మంగళవారం నుంచి బడి ప్రహరీగోడ మీద ఆ చెట్లనే పిల్లల చేత వేయించి, గురువారం సాయంత్రానికి గోడను అడవి చెయ్యాలి. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ నష్టం లేని పనుల్లోనే తన మొగుడు కొంప ముంచుకోవడం ఇరవై ఏళ్ళుగా చూస్తున్న అతని భార్య అదే బడిలో ఆయా. ఆమె అతన్ని గేటు దగ్గరే ఆపి ఒక మాట చెప్పింది.

"ఈ ఐదు రోజులూ నోరు కట్టేసుకో అయ్యా. తర్వాత నీ ఇష్టం."

కట్టేసుకోవడానికి కారణం ఉంది. పెయింటరు ఏడో తరగతిలో బడి వదిలి బ్రష్షు పట్టినవాడు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊళ్ళో దుకాణాల బోర్డులన్నీ అతని చేతి మీదుగానే లేచాయి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. అరగంటలో అచ్చయి ఆరు నెలల్లో వెలిసిపోయే గుడ్డ ముందు, పాతికేళ్ళయినా చెక్కుచెదరని అక్షరం ఓడిపోయింది. లోకం తీరే అంత, నిలిచేదానికి గిరాకీ ఉండదు. రెండేళ్ళు అతను ఇంట్లో కూర్చుని ఎదురుగా ఉన్న గోడను తిడుతూ ఉంటే చూడలేక, ఆయా వెళ్ళి బడి ప్రధానోపాధ్యాయురాలైన పెద్ద మేడమ్‌ను కాళ్ళు పట్టుకుని బతిమాలి బొమ్మల మాస్టారు పని అడిగింది. ఆవిడ వారం రోజుల పరీక్షకు ఒప్పుకుంది. శుక్రవారం తనిఖీ ఆఫీసరు వస్తున్నారు. ఆయన గోడ చూసి మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం. పెదవి విరిచారా, ఎవరి దారి వారిది.

నోరు కట్టేసుకునే పని పది నిమిషాలు నడిచింది. పెద్ద మేడమ్ ఒక రంగుల కాగితం చేతికిచ్చింది. అందులో చెట్లన్నీ త్రికోణాలే, గరాటులు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. వాటి వెనక మంచుకొండ. ముందు కొమ్ముల జింక.

"గోడ మీద ఇదే రావాలి మాస్టారూ. అడవంటే ఇలా ఉంటుంది."

"ఈ చెట్టు పేరేంటి మేడమ్?"

"పేరెందుకు? పుస్తకంలో ఉంది కదా."

పేరు తెలియని చెట్టు తను వెయ్యనని పెయింటరు చెప్పాడు. ఆ పుస్తకం వేసినవాడు వాడి ఊరి చెట్టు వాడు గీసుకున్నాడు, మన పిల్లలు మన వీధి చెట్టు గీస్తారు అన్నాడు. మంచుకొండ మాటకొస్తే, ఈ పిల్లలు మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడలేదనీ, గోడ మీద ఫ్రిజ్ వెయ్యమంటే వేస్తాననీ అన్నాడు. పెద్ద మేడమ్ తన సర్వీసులో ఎదురుచెప్పే మాస్టర్లను చాలామందిని చూసింది. వాళ్ళెవరూ ఇప్పుడు ఆ బడిలో లేరు. అందుకని కోపం తెచ్చుకోకుండా, శుక్రవారం దాకా మీ ఇష్టం, శుక్రవారం మాత్రం నా ఇష్టం అని తేల్చింది. ఎలాగూ బ్రష్షు పట్టుకునే వచ్చారు కాబట్టి ముందు గేటుకు ఎర్ర రంగు కొట్టెయ్యమంది.

అలా గేటు పక్కన ఎర్ర ఎనామిల్ డబ్బా మూత తీసి ఉండటానికి కారణం పెద్ద మేడమే. ఆ సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ వీధిలో పందొమ్మిది చెట్లున్నాయి. ఒకటో తరగతిలో ఇరవై రెండు మంది పిల్లలు. వాళ్ళకు చెట్టు అంటే నిలువుగా రెండు గీతలు, పైన ఒక పచ్చని మేఘం. పెయింటరు ముందు ఆ మేఘాన్ని ఊడగొట్టాడు. ఒక్కొక్కరినీ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి బెరడు తడిమించాడు. చింత బెరడు ఎండిన బురదలా పగులుతుందనీ, బాదం చెట్టు అంతస్తులు కట్టినట్టు అడ్డంగా పెరుగుతుందనీ, కానుగ ఆకు నూనె రాసినట్టు మెరుస్తుందనీ వాళ్ళ చేతే చెప్పించాడు.

"ఆకు పచ్చగా ఉంటుందని ఎవరు చెప్పారు మీకు?"

"టీచరు."

"టీచరుని కాదు, చెట్టుని చూసి చెప్పండి."

పిల్లలు వేప చిగురు వైపు చూసి, ఎర్రగా ఉందని ఆశ్చర్యపోయారు. ఎండాకు పసుపుగా ఉందన్నారు. ముందుపళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల, ప్రతి మాటకూ అడ్డు ప్రశ్న వేస్తుందని ఆయా లాయరమ్మ అని పేరు పెట్టిన పిల్ల, అయితే పచ్చ డబ్బా ఒక్కటే ఎందుకు తెచ్చారని మాస్టారునే నిలదీసింది. ముప్ఫై ఏళ్ళలో పెయింటరును రంగు గురించి సరైన ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. అతనికి చాలా ఆనందం కలిగింది. ఆ ఆనందంలోనే ఆ మాట అనేశాడు.

"ఒక్కొక్కళ్ళు ఒక్కో చెట్టు ఎంచుకోండి. బాగా గుర్తు పెట్టుకోండి. రేపు గోడ మీద ఆ చెట్టే వెయ్యాలి. గుర్తు పెట్టుకోనివాళ్ళకు బ్రష్షు లేదు."

ఇంతలో పెద్ద మేడమ్ కబురు పంపింది, మంచుకొండ కనీసం ఒక మూలకైనా రావాలని. పెయింటరు లోపలికి వెళ్ళి ఒక మూలకు కూడా రాదని చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి పిల్లలు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"పెట్టుకున్నాం సార్," అంది లాయరమ్మ.

"ఏం పెట్టుకున్నారు?"

"గుర్తు."

పెయింటరు వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. పందొమ్మిది చెట్ల మొదళ్ళ మీదా ఎర్రటి ఇంటు గుర్తులున్నాయి. మూడు చెట్లకు రెండేసి. ఒకటో తరగతి పిల్లలకు ఎర్ర రంగుతో పెట్టే గుర్తు ఒక్కటే తెలుసు. వాళ్ళ లెక్కల పుస్తకాల నిండా ఉన్నది అదే.

గుర్తు పెట్టుకోవడమంటే మనసులో పెట్టుకోవడమని అతను నచ్చజెప్పబోయాడు. మనసులో రంగు అంటుకోదు కదా సార్ అంది లాయరమ్మ. పెయింటరు కిరసనాయిలు తెచ్చి, గుడ్డ తడిపి, మొదటి చెట్టు తుడవబోయాడు. అది రిటైరైన హెడ్ గుమాస్తా ఇంటి ముందున్న వేపచెట్టు. ఆయన ముప్ఫై ఐదేళ్ళు ఏదో ఆఫీసులో పనిచేసి, ఇప్పుడు అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని వీధిని ఫైలు చదివినట్టు చదువుతుంటాడు. నిద్ర లేచి చూసేసరికి చెట్టు మీద ఎర్ర గుర్తు, దాన్ని చెరపబోతున్న ఒక మనిషి కనిపించారు.

"చెయ్యి తియ్. ప్రభుత్వ గుర్తు చెరిపితే జైలు తెలుసా?"

"ఇది ప్రభుత్వం కాదు సార్. ఒకటో తరగతి."

"నాకు చెప్పొస్తున్నావా? ఇంత అడ్డదిడ్డంగా గీసేది ప్రభుత్వం కాక ఇంకెవరు?"

ఆ మాట వీధంతా పాకింది. చెట్లకు గుర్తులు పెట్టారంటే కొట్టేస్తారనీ, కొట్టేస్తున్నారంటే రోడ్డు వెడల్పు చేస్తారనీ హెడ్ గుమాస్తా అరుగు మీంచి తీర్పు చెప్పాడు. మధ్యాహ్నానికి రోడ్డు ఇరవై అడుగులు పెరిగింది. సాయంత్రానికి అరవై అయి, ఎడమ వరస ఇళ్ళ వంటగదుల మధ్య నుంచి పోయింది. పెయింటరు ఇంటింటికీ తిరిగి, అవి నా పిల్లలు పెట్టినవి అని మొత్తుకున్నాడు. ఏడో తరగతివాడి నిజం కన్నా హెడ్ గుమాస్తా అబద్ధం బరువెక్కువ. ఎవరూ నమ్మలేదు.

మంగళవారం ఎవరి తెలివి వారు చూపించారు. ఒకాయన తన చెట్టు గుర్తు కనబడకుండా సున్నం పూశాడు. తడి ఆరాక తెల్ల పట్టీ మీద ఎర్ర ఇంటు ఇంకా బాగా ఎగదేలి, అసలైన సర్కారు గుర్తులా తయారైంది. దాన్ని చూసి పక్కింటివాళ్ళు వణికిపోయారు. మందుల షాపాయన మాత్రం సంబరపడ్డాడు. తన ఫ్లెక్సీ బోర్డుకు అడ్డంగా ఉన్న నేరేడు చెట్టు మీద ఒక్క గుర్తే ఉందని, మరిచిపోతారేమోనని, సొంత రంగుతో ఇంకో రెండు పెట్టాడు. అది చూసి ఎదురింటివాళ్ళు తమకు గిట్టని మూడో ఇంటి చెట్టుకు నాలుగు పెట్టారు. ఈ గోలంతా వింటూ పెద్ద మేడమ్ ఒక్కతే తాపీగా రిజిస్టర్లు దిద్దుకుంది. అది చూసి ఆయా, నోరు కట్టేసుకోమని మొగుడికి ఇంకోసారి చెప్పింది.

పెయింటరు మాత్రం గోడ పని ఆపలేదు. వీధి వీధంతా చెట్ల కోసం కొట్టుకుంటుంటే, పిల్లలు గోడ మీద అవే చెట్లు వేసుకుంటూ పోయారు. లాయరమ్మ తన చెట్టుకు వేళ్ళు కూడా వేసింది. కనబడని వేళ్ళు ఎందుకని ఎవరో అడిగితే, అవి లేకపోతే పడిపోతుంది కదా అంది. అలా పడిపోకుండా గోడ మీద చెట్లు ఒక్కొక్కటే లేచి, బుధవారం పొద్దుటికి పదకొండయ్యాయి.

బుధవారం పది గంటలకు లారీ వచ్చింది. తాళ్ళు, మిషను రంపం, నలుగురు మనుషులు, వాళ్ళ మేస్త్రీ. మేస్త్రీ దిగి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. హెడ్ గుమాస్తా కుర్చీలోంచి లేచి, చెప్పానా అన్నట్టు అందరి వైపూ చూశాడు.

"నాకు ఒక్క చెట్టని చెప్పారే," అన్నాడు మేస్త్రీ. "శనివారం మావాడొచ్చి ఒక్కదానికే సుద్దతో గుర్తు పెట్టి వెళ్ళాడు. ఇవన్నీ ఎవరు పెట్టారు?"

ఏ చెట్టని హెడ్ గుమాస్తా అడిగాడు. మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి, అందరూ వినేలా చదివాడు.

"బడి ప్రహరీగోడపై చిత్రింపబడబోవు అడవి దృశ్యము రోడ్డు మీదికి కనబడుటకు, బడి ముందున్న వేపచెట్టు అడ్డముగా ఉన్నందున, సదరు వృక్షమును తొలగింపవలసినదిగా కోరుచున్నాను. ఇట్లు, ప్రధానోపాధ్యాయురాలు."

గోడ దగ్గర పిల్లల చేతుల్లో బ్రష్షులు ఆగాయి. పెయింటరు నిచ్చెన దిగాడు. అడవి కనబడటానికి చెట్టును కొట్టించాలనే ఆలోచన అతని బుర్రకు ఏడు జన్మలెత్తినా వచ్చేది కాదు. దానికి చాలా చదువు కావాలి.

పెద్ద మేడమ్ బయటికి వచ్చి, ఇందులో ఇంత చర్చ ఏముందని, గోడకు ఎదురుగా నిలబడ్డ పెద్ద చెట్టును చూపించి, ఇదే, కానివ్వండి అంది. మనుషులు తాళ్ళు దించారు. అప్పుడు లాయరమ్మ చెయ్యెత్తింది. బడిలో మాట్లాడాలంటే చెయ్యెత్తాలని ఆ పిల్లకు నేర్పింది పెద్ద మేడమే.

"అది వేప కాదు. కానుగ. వేప అదిగో."

ఆ చిన్న వేలు హెడ్ గుమాస్తా ఇంటి వైపు తిరిగింది. మేస్త్రీ అటు రెండడుగులు వేశాడో లేదో, హెడ్ గుమాస్తా అరుగు దిగి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. ముప్ఫై ఐదేళ్ళలో ఆయన ప్రభుత్వానికి ఎదురు నిలవడం అదే మొదలు.

"కాగితంలో బడి ముందు అని ఉంది. ఇది నా ఇంటి ముందు. ఒక్క ముక్క తేడా ఉన్నా ఫైలు తిప్పి పంపాలి. నేను తిప్పినన్ని ఫైళ్ళు నువ్వు చూసుండవు."

మేస్త్రీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. గుర్తులు చాలా ఉంటే పేరు చూసి కొట్టమనీ, తప్పు చెట్టు కొడితే నీదే పూచీ అనీ అటు నుంచి చెప్పి పెట్టేశారు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, నాకు చెట్టు కొట్టడం తెలుసు గానీ దాని పేరు ఎప్పుడూ అడగలేదు, ఇక్కడ చెట్లు తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అన్నాడు. ఇరవై రెండు ఎర్ర చేతులు ఒక్కసారి పెయింటరు వైపు తిరిగాయి.

"చెప్పండి మాస్టారూ. ఇది వేపే కదా." పెద్ద మేడమ్ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "మీరు చెప్పేదాన్ని బట్టే అన్నీ ఉంటాయి."

ఆ అన్నీ అంటే ఏమిటో అక్కడ ముగ్గురికి తెలుసు. ఒక్క మాట వేప అంటే చాలు, సోమవారం నుంచి అతను మాస్టారు. ఆ మాట బొంకని చెట్టు కూడా చెప్పుకోలేదు. పెయింటరు భార్య వైపు చూశాడు. ఆమె గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. రెండేళ్ళుగా ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. నోరు మూసుకోమని బతిమాలిన మనిషి ఆమే. ఆమె ఏదంటే అది చేసేవాడే ఆ క్షణంలో.

"నన్నేం చూస్తావు?" అంది ఆయా. "చెట్టుని చూసి చెప్పు."

పెయింటరు చెట్టు వైపు తిరిగాడు. చూడాల్సిన పని లేకపోయినా, పిల్లలు చూస్తున్నారని పైనుంచి కింద దాకా చూశాడు.

"కానుగ," అన్నాడు. "వేప అంటే నాకు పని దొరుకుతుందని తెలుసు మేడమ్. కానీ ఈ పిల్లలకు మొన్ననే కానుగని చెప్పాను. నెలకో మాట మార్చడానికి నేను ఫ్లెక్సీని కాదు."

మేస్త్రీ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. కాగితం వెనక బడి ముందు వేపచెట్టు లేదు అని రాసి, అర్జీదారు సంతకం కావాలన్నాడు. పెద్ద మేడమ్ సంతకం చేసింది. చెయ్యకపోతే తనకు వేపకూ కానుగకూ తేడా తెలియదని ఇంకాసేపు మాట్లాడాల్సి వస్తుంది. మిగతా గుర్తుల సంగతేంటని ఎవరో అడిగితే, మా కాగితంలో లేవు కాబట్టి అవి లేనట్టేనని చెప్పి మేస్త్రీ లారీ ఎక్కాడు. ఇది పిల్లల పనని తను సోమవారమే పసిగట్టానని హెడ్ గుమాస్తా అందరికీ చెప్పాడు. మందుల షాపాయన రెండు రోజులు కనబడలేదు.

రేపటి నుంచి రావద్దని పెద్ద మేడమ్ పెయింటరుకు చెప్పింది. శుక్రవారం దాకా అని మాట అయింది కాబట్టి శుక్రవారం దాకా వస్తానని పెయింటరు చెప్పాడు. గోడ సగంలో వదిలిన రోజు తన చరిత్రలో లేదనీ, కావాలంటే ఆ గోడ పడగొట్టించి మరో కాగితం పెట్టుకోమనీ అన్నాడు. గురువారం సాయంత్రానికి పందొమ్మిది చెట్లూ నిలబడ్డాయి. ఒక్కటీ త్రికోణం కాదు. ఒకటి కొంచెం ఏనుగులా ఉంది గానీ, వేసిన పిల్లాడు అది చింతేనని ఒట్టేశాడు. ఆ రాత్రి ఇంట్లో ఆలుమగలు ఉద్యోగం ఊసెత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం పన్నెండింటికి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆఫీసరు కారు వచ్చింది. డ్రైవరు అటూ ఇటూ చూసి, తిన్నగా కానుగ కిందికి పోనిచ్చాడు. ఆఫీసరు దిగి, నుదురు తుడుచుకుని, పైకి చూశారు. పొద్దుటి నుంచి నాలుగు బళ్ళు తనిఖీ చేసి వచ్చారు, ఒక్కచోటా నిలబడే నీడ లేదన్నారు. కుర్చీ ఇక్కడే వెయ్యమన్నారు. ఫైళ్ళూ అక్కడికే తెమ్మన్నారు. పెద్ద మేడమ్ గోడ వైపు నాలుగుసార్లు చెయ్యి చూపించింది. ఆయన నాలుగుసార్లూ చూస్తానమ్మా అని, కాళ్ళు ఇంకొంచెం చాపుకున్నారు. పిల్లలను కూడా నీడకే పిలిచారు.

"ఏం పాపా, ఇదేం చెట్టు? వేపేనా?"

"కాదు సార్. కానుగ," అంది లాయరమ్మ. "వేప అయ్యుంటే బుధవారమే కొట్టేసేవాళ్ళు."

ఆఫీసరుకు అర్థం కాలేదు. పెద్ద మేడమ్‌కు అర్థమైంది. అందుకే ఆవిడ వెంటనే ముందుకొచ్చి, మా బడిలో చెట్టు మీద ఈగ వాలనివ్వం సార్, పిల్లలకు పేర్లు కూడా నేర్పిస్తాం అని గడగడా చెప్పింది. ఎవరు నేర్పుతున్నారని ఆయన అడిగారు. పిల్లల చేతులు మళ్ళీ లేచి, బ్రష్షులు మూటగట్టుకుని గేటు దాటుతున్న మనిషిని చూపించాయి. ఒకటో తరగతికి ఇలాంటివాళ్ళు ఉండాలమ్మా, వదులుకోకండి అన్నారు ఆఫీసరు. ఎందుకు వదులుకుంటాం సార్ అంది పెద్ద మేడమ్, మొహం మీద ఒక్క కండరమైనా కదలకుండా.

కారు వెళ్ళిపోయాక ఆవిడ గేటు దాకా వచ్చింది.

"సోమవారం తొమ్మిదింటికి రండి మాస్టారూ."

"మంచుకొండ వెయ్యను మేడమ్."

"వెయ్యమన్నానా?"

"ఇకముందైనా అంటారేమోనని చెబుతున్నా."

పక్కనే ఉన్న ఆయా మొగుడి చేతిలోంచి బ్రష్షుల మూట లాక్కుని, ఇంకో మాట పెగిలేలోగా లోపలికి పట్టుకుపోయింది.

నెల తిరిగాక తనిఖీ నివేదిక వచ్చింది. గోడ మీది అడవి గురించి అందులో ఒక్క ముక్క లేదు, బడి ముందు వేపచెట్టు నీడ కారు నిలపడానికి చాలా అనువుగా ఉందని మాత్రం రాశారు.